పెదాలు ఆడించు చాలు అన్నాను

ఆగస్టు 15 దగ్గరకొచ్చేసరికి మా స్కూల్లో ప్రతి ఏడూ ఒకటే మాట, "సార్, బాగా పాడే పిల్లల్ని ఓ పదిమందిని సెలెక్ట్ చేసెయ్యండి, మిగతావాళ్లు కింద కూర్చుంటారు" అని. ఈ ఏడు కూడా అన్నారు. నేను ఎప్పట్లాగే సెలెక్షన్ చెయ్యనండీ, అందరూ పాడతారు అని చెప్పేశాను. కొత్తగా చేరిన సోషల్ మేడమ్ పాపం మామూలుగానే అడిగారు, ఎందుకు సార్ చెయ్యరు, రానివాళ్లని కూడా నిలబెడితే పాట పాడైపోదా అని. ఈలోగా లంచ్ బెల్లు కొట్టేశారు, చెప్పలేకపోయాను. నిజానికి రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను.

నాది విజయనగరం వైపు. మహారాజా సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను, తర్వాత వయొలిన్ కూడా కొంత పట్టుబడింది. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ చెప్పి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, ఘంటసాల గారు చదువుకున్నదీ అక్కడే. ఆ మెట్లు ఎక్కిన ప్రతిసారీ ఇప్పటికీ చెప్పులు విప్పి చెయ్యి గడపకి తాకించి కళ్లకద్దుకుంటాను. అక్కడ మాకు తెలిసిన చదువు ఎలా ఉండేదంటే గురువుగారి ఎదురుగా నలుగురైదుగురం, మధ్యలో శ్రుతి పెట్టె, తప్పు పోతే మళ్లీ, మళ్లీ పోతే మళ్లీ, టైముతో పని లేదు. స్కూలుకి వచ్చేసరికి ఎదురుగా నలభై ఎనిమిది మంది, నలభై నిమిషాలు, అందులో లైన్లో వచ్చి చాపల మీద సర్దుకుని కూర్చునేసరికి ఏడు నిమిషాలు పోతాయి, ఎలక్ట్రానిక్ తంబురా ఆన్ చేస్తే అదేటి సార్ తేనెటీగలా అని ఒకడు అడుగుతాడు, దానికి జవాబు చెప్పేలోగా పక్క క్లాసు హిందీ టీచరు గోడ మీద కొడతారు సౌండ్ తగ్గించమని. సంగీతం కావాలని వెతుక్కుంటూ వచ్చిన శిష్యుడికి ఎలా చెప్పాలో గురువుల్ని చూసి నేర్చుకున్నాం. టైమ్‌టేబుల్లో ఉంది కాబట్టి వచ్చిన పిల్లాడికి ఎలా చెప్పాలో ఎక్కడా చూడలేదు, ఎవర్నీ అడగలేదు, ఆ ప్రశ్న ఒకటి ఉందని కూడా తెలీదు నాకు చేరినప్పుడు.

నేను చేరింది 2009లో, ప్రైవేటు స్కూలు. అదే ఏడాది విద్యాహక్కు చట్టం వచ్చింది, అందులో ఆరు నుంచి ఎనిమిది క్లాసుల్లో 100 మంది దాటితే కళలకి ఒక పార్ట్‌టైమ్ టీచరు ఉండాలని రాశారు, చదివినప్పుడు చాలా సంతోషపడ్డాను. కళలు అంటే బొమ్మలు, డాన్సు, నాటకం, పాట అన్నీ కలిపి ఒక్క మనిషి. సరే, ఆ ఒక్కళ్లయినా ఉంటే అదే పదివేలు. మా దగ్గర నాకు సెక్షన్‌కి వారానికి ఒక పీరియడ్. దసరా సెలవులు అయ్యాక మెల్లగా మొదలవుతుంది, "మాస్టారూ ఈ ఒక్క పీరియడ్ ఇచ్చెయ్యండి, ఇంకా మూడు చాప్టర్లు మిగిలిపోయాయి" అని. సంక్రాంతి దాటాక పదో క్లాసుకి పాట అన్నది ఇక ఉండదు, మార్చిలో పబ్లిక్ కదా. ఇచ్చేస్తాను, ఆ మేథ్స్ సార్ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు, ఆయన మీద కోపం లేదు. కానీ వారంలో పుస్తకం తియ్యక్కర్లేని పీరియడ్ ఆ పిల్లలకి అదొక్కటే, అది పోయిందని తెలిసినప్పుడు వాళ్ల మొహాలు చూడలేను. యాన్యువల్ డే ఇంకో బాధ. స్టేజి మీద పాట అంటే పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చే సినిమా పాట, దానికి డాన్సు. మైక్ సెట్ కుర్రాడి పక్కన నిలబడి ఇప్పుడు ఏడో నంబరు ట్రాక్ వెయ్యి, తర్వాత పన్నెండు అని చెప్పడం ఆ రోజు పాటల సార్ పని. పిల్లలు నోరారా పాడితే వినడం అన్న అలవాటు ఊళ్లో తగ్గిపోతోంది, నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

ఇప్పుడు అసలు సంగతి.

2014. టౌన్లో ఆగస్టు 15 ఫంక్షన్‌కి మా స్కూలుకి గ్రూప్ సాంగ్ ఛాన్స్ వచ్చింది. ఇరవై మందిని తీసుకున్నాను. అందులో ఆరో క్లాసు గుంటడొకడు, పేరు రాయను. సన్నగా ఉండేవాడు, చొక్కాకి పైనుంచి రెండో గుండీ ఎప్పుడూ ఊడిపోయి ఉండేది. వాడికి పాటంటే ప్రాణం. రిహార్సల్‌కి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేవాడు, హార్మోనియం పెట్టె మూత తీసి వాడి కర్చీఫ్‌తోనే మెట్లన్నీ ఒక్కోటీ తుడిచేవాడు. పాట మొత్తం కంఠతా వచ్చు, చరణాలు ఎవరైనా మర్చిపోతే వాడే అందించేవాడు. కానీ గొంతు విప్పితే మాత్రం పాటకి కింద ఎక్కడో ఒక బొంగురు శబ్దం, అందరూ ఒకచోట ఉంటే వాడొక్కడూ ఇంకోచోట. పక్కనున్న ఆడపిల్లలు మొహాలు చూసుకుని నవ్వుకునేవారు, వాడికి అది తెలుస్తూనే ఉండేది, అయినా పాడేవాడు. నేను వాడికి స ఇచ్చేవాణ్ణి, నా వెనక పలుకు అనేవాణ్ణి, పలికేవాడు, ఇంకా కిందకి పోయేది. పది రోజులు ప్రయత్నం చేశాను. ముందురోజు ఫైనల్ రిహార్సల్‌కి ప్రిన్సిపాల్ వచ్చి విని, ఎవరది మధ్యలో అలా వినిపిస్తోంది అన్నారు.

నేను వాణ్ణి వరండాలోకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, ప్రేమగానే, "నాన్నా, రేపు నువ్వు పాడకు, పెదాలు ఆడించు చాలు, నిన్ను లైన్లోంచి తియ్యనులే" అన్నాను. వాడు సరే సార్ అన్నాడు. ఏడవలేదు, ఎందుకు అని కూడా అడగలేదు. వెళ్లి చాపలు చుట్టబెట్టాడు రోజూలాగే. నేను ఆరోజు చాలా మంచిగా సర్దాననుకున్నాను, వాణ్ణి తీసెయ్యలేదు కదా, తెల్లబట్టలు వేసుకుని స్టేజి మీద నిలబడ్డాడు కదా, వాళ్లమ్మ కింద నిలబడి ఫోన్లో ఫోటో తీసుకుంది కదా అని. మాకు సెకండ్ ప్రైజ్ వచ్చింది. స్టీలు కప్పు ఇప్పటికీ ఆఫీసు రూములో అద్దాల బీరువాలో ఉంది.

మరుసటి సంవత్సరం జనవరి 26. జెండా ఎగరేశాక జనగణమన. నేను ఆరోజు మైక్ దగ్గర కాకుండా పిల్లల లైన్ల మధ్య నిలబడ్డాను, అల్లరి చేస్తారని. వాడు నా ముందు లైన్లో, రెండడుగుల దూరం, కొంచెం పక్కకి. పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు. మొదట మెల్లగా పాడుతున్నాడేమో అనుకుని కొంచెం ముందుకి వంగాను. గొంతు మీద ఏమీ కదలట్లేదు. జయహే దగ్గరకి వచ్చేసరికి స్కూలు స్కూలంతా అరుస్తుంటే వాడు కూడా నోరు బాగా పెద్దది చేశాడు, పళ్లు కనిపించాయి, కళ్లు జెండా మీదే ఉన్నాయి, అంతే, గాలి కూడా బయటికి రాలేదు. ఒక్క పాటకి నేను చెప్పిన మాట వాడు అన్ని పాటలకీ తీసుకున్నాడు. ఐదు నెలల నుంచి రోజూ పొద్దున్న అసెంబ్లీలో వాడు అలాగే నిలబడుతున్నాడన్నమాట, నేను రోజూ మైక్ దగ్గర నిలబడి చూడలేదన్నమాట.

పిలిచి ఇప్పుడు పాడొచ్చురా అన్నాను. తల ఊపాడు. మర్నాడు అసెంబ్లీలో చూశాను, అదే. పక్కన కూర్చోబెట్టుకుని పాడరా నాన్నా అంటే నవ్వి నేల చూసేవాడు. చాపలు పరవడం, హార్మోనియం తుడవడం మాత్రం మానలేదు. 2016 వేసవిలో వాళ్ల నాన్నకి వేరే ఊళ్లో పని దొరికింది, టీసీ తీసుకుని వెళ్లిపోయారు.

ఆ జూన్‌లోనే నాలుగో క్లాసులో ఇంకో గుంటడు వచ్చాడు అచ్చం అదే గొంతుతో. స పలకమంటే గెడ్డం గుండెకి ఆనించేసి, మెడ బిగబట్టి, లోపల్నించి గురగురమని తెస్తున్నాడు. అలా గెడ్డం ఎందుకు దించుతున్నావురా అని అడిగాను. వాడు ఆశ్చర్యంగా చూసి, "మీలాగే పాడతన్నాను సారూ" అన్నాడు.

నాకు ఒళ్లు జల్లుమంది. నాది ఒకటిన్నర శ్రుతి, అంటే నా స నిలబడే ఎత్తు అది, మగగొంతు. తొమ్మిదేళ్ల పిల్లాడి గొంతు నాకంటే ఒక స్థాయి, అంటే స నుంచి మళ్లీ పై స దాకా ఉండేంత, పైన ఉంటుంది. చాలామంది పిల్లలు నా స వినగానే వాళ్లకి తెలీకుండానే పై స్థాయిలో అందుకుంటారు, అలా అందుకునేవాళ్లనే మనం పాట వచ్చిన పిల్లలు అంటాం. కొందరికి ఆ సంగతి తట్టదు, వాళ్లు సార్ ఎలా పలికాడో అలాగే పలకాలని నా గొంతు కోసం కిందకి కిందకి దిగుతారు, అంత కింద వాళ్ల గొంతులో స్వరమే ఉండదు, అందుకే ఆ గురగుర. నాలుగో క్లాసు వాడిని అక్కడే ఉండమని ఏడో క్లాసు అమ్మాయిని ఒకర్తెని పిలిపించాను, వాడి వెనకాల నిలబడి ఊరికే స అనమ్మా అన్నాను. ఆ అమ్మాయి అంది. వాడు గెడ్డం ఎత్తి, మెడ వదులు చేసి, ఠక్కున అదే స్వరం అందుకున్నాడు, సూదిలో దారం దూరినట్టు. మళ్లీ నేను అన్నాను, మళ్లీ గెడ్డం దిగింది. మళ్లీ ఆ అమ్మాయి, మళ్లీ సరిగ్గా. నాలుగైదుసార్లు చేశాం అలా. వాడికి ఏమీ అర్థం కాలేదు, నవ్వుతున్నాడు. నేను స్టాఫ్ రూముకి వెళ్లి నీళ్లు తాగి కూర్చుండిపోయాను, రెండేళ్ల కిందటి గుంటడు పది రోజులు నా వెనకాల కిందకి కిందకి దిగడం కళ్ల ముందు కనపడుతోంది. వాడు తప్పు పాడలేదు. వాడు అందరికంటే శ్రద్ధగా నన్ను విన్నాడు, సార్ ఎలా పాడితే అలా పాడాలనుకున్నాడు, అంతే వాడు చేసింది.

అప్పట్నించి నా క్లాసు మొత్తం మారిపోయింది. చిన్నపిల్లలకి నేను నా గొంతుతో స ఇవ్వను. వయొలిన్ తీసి వాళ్ల స్థాయిలో పలికిస్తాను, లేకపోతే ఒక పిల్ల చేతే ఇప్పిస్తాను. ఎవరైనా అందుకోలేకపోతే వాళ్లని నా దగ్గరకి రమ్మనను, నేనే వాళ్ల దగ్గరకి వెళ్తాను. ఎలాగంటే, పాట అనను, స్వరం అనను, "రోడ్డుకి అవతల మీ ఫ్రెండ్ వెళ్తున్నాడు, గట్టిగా ఓయ్ అని పిలువు" అంటాను. పిలుస్తాడు. పిలుపులో ఏ పిల్లాడికీ గొంతు కిందకి దిగదు, పైకే లేస్తుంది. ఆ ఓయ్‌ని కొంచెం సాగదియ్యమంటాను, సాగదీసినప్పుడు అది ఎక్కడ నిలబడిందో తీగ మీద వెతుక్కుంటాను, దొరికాక వాయించి ఇదిగో ఇదే నీ స అంటాను. ఒకడిది నాలుగు శ్రుతి దగ్గర ఉంటుంది, ఒకర్తెది ఐదున్నర. ఆ పూట క్లాసంతా వాడి శ్రుతిలోనే పాడతాం. నలభై ఎనిమిది మంది తన స్వరం దగ్గరికి వచ్చి కూర్చున్నారని తెలిసినప్పుడు ఆ పిల్లాడి మొహం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. అక్కణ్ణించి ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందకి, అంతే. కొందరికి ఒక వారంలో కుదురుతుంది, కొందరికి ఏడాది పడుతుంది, ఒకమ్మాయికి రెండేళ్లు పట్టింది.

అసెంబ్లీ కూడా మార్చాను. అంతకుముందు ఎవరో ఒక పిల్ల మైక్ ముందు నిలబడి నోటికి వచ్చిన చోట ఎత్తుకునేది. జనగణమన మనం పాడే వరసలో భాగ్యవిధాతా దగ్గర మంద్ర నిషాదం, అంటే కింది స్థాయి ని, తాకుతుంది, ఆఖర్న జయహే దగ్గర తారషడ్జానికి, అంటే పై స దాకా, వెళ్తుంది, అంటే ఒక స్థాయి కంటే కొంచెం ఎక్కువే. ఐదు శ్రుతిలో ఎత్తుకున్నారనుకోండి, మొదట్లో బానే ఉంటుంది, జయహేకి వచ్చేసరికి సగంమంది అరుస్తారు, సగంమంది ఆగిపోతారు, మీ చిన్నప్పటి స్కూలు గుర్తుచేసుకోండి, ఇదే జరిగుంటుంది. నేను రెండు శ్రుతికి మార్చాను. చిన్నవాళ్లకి పై షడ్జం అందుతుంది, గొంతు మారిపోయిన పదో క్లాసు వాళ్లు కింద స్థాయిలో హాయిగా పాడుకుంటారు. 52 సెకన్లలో అవ్వాల్సింది మా దగ్గర నిమిషం పైన సాగేది, పై స్వరాల దగ్గర అందక ఈడ్చడం వల్లే, శ్రుతి సరిచేశాక దానంతట అదే దారికొచ్చింది.

ఈ వరసకి స్వరాలు రాసుకున్నది మన మదనపల్లెలోనే, 1919లో. మా కాలేజీ పెట్టిన ఏడాదే అది, అందుకని నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఠాగూరు గారు అక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు పాడి వినిపించారు, ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్నావిడ, ఆవిడ సాయంతో స్వరాలు కాగితం మీదకి వచ్చాయి. విన్నవాళ్లు మళ్లీ మళ్లీ పాడించుకుని, ఆగలేక ఆ జయహే దగ్గర అందరూ గొంతు కలిపేశారట. ఆ సాయంత్రం అక్కడ బాగా పాడేవాళ్లు పదిమంది పాడండి మిగతావాళ్లు ఊరుకోండి అని ఎవరూ అనుండరు. ఏటా జనవరి 26కి పిల్లలకి ఈ కథ చెప్తాను.

ఇంకో సంగతి, ఇది వింటే మా గురువుగారు ఒప్పుకోకపోవచ్చు. మన సంప్రదాయంలో ఈ పాఠాల వరస పెట్టిన పురందరదాసు గారి దగ్గర్నుంచి మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలోనే, సరళీ వరసలు, జంట వరసలు అన్నీ. నేనూ అలాగే నేర్చుకున్నాను, విడిగా ఇంటికొచ్చే శిష్యులకి ఇప్పటికీ అలాగే చెప్తాను. కానీ స్కూల్లో మందలో కూర్చున్న పిల్లలకి ఆ శుద్ధ రిషభం, అంటే ఆ రాగంలోని రి, జారిపోతుంది, స పక్కనే ఆనుకుని ఉంటుంది కదా, నలభై మందిలో ఇరవై మంది స దగ్గరే ఉండిపోతారు, మిగతా ఇరవై మంది దాటి వెళ్లిపోతారు, క్లాసంతా చేపల మార్కెట్ అవుతుంది. అందుకని నేను మోహన రాగంతో మొదలుపెడతాను. స రి గ ప ద, ఐదే స్వరాలు, ఎక్కడా ఇరుకు లేదు, ఎటు అడుగేసినా పడిపోరు. రెండు నెలలు అందులో తిరిగాక చెవి తెరుచుకుంటుంది, అప్పుడు మాయామాళవగౌళకి తీసుకెళ్తే ఆ రిషభం ఎంత దగ్గరగా ఉందో వాళ్లకే తెలుస్తుంది, "సార్ ఇది ఏడుస్తున్నట్టుంది" అని ఒక పాప అంది ఒకసారి. తేడా వినపడితే సగం చదువు అయిపోయినట్టే నా దృష్టిలో.

తాళం దగ్గర నాకు పాఠం చెప్పినవాడు ఇంకొకడున్నాడు. ఆదితాళం చేత్తో వెయ్యడం తెలుసు కదా, దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, మళ్లీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఐదో క్లాసులో ఒకడికి ఎన్నిసార్లు చెప్పినా వేళ్లు కలిసిపోయేవి, తిప్పాల్సిన చోట కొట్టేవాడు, కొట్టాల్సిన చోట ఆగిపోయేవాడు. అప్పుడు నేను పిల్లలందరికీ ఒక పని ఇచ్చాను, మీ ఇంట్లో అమ్మో నాయనమ్మో తాతో పాడే పాట ఒకటి నేర్చుకుని రండి, సినిమా పాట కాకూడదు అని. మొదటి వారం ముగ్గురే తెచ్చారు, మా ఇంట్లో ఎవరూ పాడరు సార్ అన్నారు మిగతావాళ్లు. తర్వాత ఒక్కొక్కటే రావడం మొదలెట్టాయి. ఊడుపుల పాట, దంపుళ్ల పాట, జోలపాటలు మూడు రకాలు, ఒక పిల్ల చర్చిలో పాడుకునే పాట తెచ్చింది, ఒక పిల్ల వాళ్ల అమ్మమ్మ చనిపోయే ముందు పాడేదని ఫోన్లో రికార్డు తెచ్చి వినిపించింది, వెనకాల కుక్కర్ విజిల్ కూడా వినపడుతోంది అందులో, క్లాసంతా నిశ్శబ్దంగా విన్నారు. తాళం రాని ఆ ఐదో క్లాసు వాడు లేచి, "మా తాతది తప్పెటగుళ్లు సారూ" అన్నాడు. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఎగురుతూ పాడతారు కదా మా వైపు. చెయ్యరా చూద్దాం అన్నాను. తప్పెట లేదు, లంచ్ బాక్సు మూత గుండెకి పట్టుకున్నాడు. కాళ్లు కదలడం మొదలెట్టాక వాడు వేరే మనిషైపోయాడు. నెమ్మదిగా మొదలుపెట్టి, రెట్టింపు చేసి, మళ్లీ నెమ్మదికి దింపాడు, ఒక్క అడుగు అటూ ఇటూ పడలేదు. మేం రెండో కాలం అని పుస్తకంలో రాసుకునేది వాడి కాళ్లలో ఉంది. ఆరోజు నుంచి మా క్లాసులో తాళం ముందు కాళ్లతో, తర్వాతే వేళ్లతో. నలభై ఎనిమిది మంది నిలబడి అడుగులేస్తే కింద క్లాసు వాళ్లు కంప్లయింట్ ఇస్తారు, అందుకని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లిపోతాను.

ఎనిమిది, తొమ్మిది క్లాసుల మగపిల్లల గురించి కూడా ఒక మాట. వాళ్లకి గొంతు మారుతుంది, లోపల స్వరతంత్రులు పొడుగవుతాయి, లావవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందకి దిగుతుంది, దిగే ఆ కొన్ని నెలలూ ఎప్పుడు ఏ శబ్దం వస్తుందో వాళ్లకే తెలీదు. నిన్నటిదాకా సోలో పాడినవాడు ఒకరోజు లేచి పాడబోతే గొంతు రెండుగా చీలుతుంది, క్లాసు నవ్వుతుంది, ఇక వాడు జన్మలో పాడడు. అందుకే ఎనిమిదో క్లాసు మొదటి రోజే ఇది చెప్పేస్తాను, ఇది జబ్బు కాదు, మీసం వచ్చినట్టే ఇదీ వస్తుంది, రాకపోతే కంగారు పడాలి అని. ఆ నెలల్లో నాలుగైదు స్వరాలకి మించి ఇవ్వను, మిగతావాళ్లు పాడుతుంటే కింద షడ్జం పట్టుకుని ఉండమంటాను. బయటికి మాత్రం పంపను.

మొన్న జూన్‌లో నా ఫోన్ కింద పడి డిస్‌ప్లే పోయింది. బస్టాండు దగ్గర చిన్న రిపేర్ షాపు ఉందంటే వెళ్లాను. లోపల ఒక కుర్రాడు తల వంచుకుని, కంటికి భూతద్దం పెట్టుకుని, ఎవరిదో ఫోను విప్పి పని చేసుకుంటున్నాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్. కూనిరాగం తీస్తున్నాడు. మెల్లగానే, కానీ నా చెవి అలవాటు కొద్దీ అటే పోయింది, మగగొంతు, నిండుగా ఉంది, స్వరం ఊగే గమకం దగ్గర కూడా శ్రుతి ఎక్కడా జారలేదు. ఎవరో బాగా పాడుతున్నాడే అనుకుంటూ బల్ల మీద ఫోన్ పెట్టాను. తలెత్తాడు. వాడే. పదేళ్లయినా ఆ కళ్లు అవే.

చటుక్కున ఆపేశాడు. లేచి నిలబడి నమస్తే సార్ అన్నాడు, స్టూలు తుడిచి కూర్చోమన్నాడు, పక్క కొట్టుకి కేకేసి టీ చెప్పాడు. నేను, "ఏంరా, ఆపేశావే?" అన్నాను.

"మీరొచ్చారు కద సార్" అన్నాడు.

వినయంగానే అన్నాడు, మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. నాకు టీ గొంతు దిగలేదు. అప్పుడు నేను నీకు చెప్పింది తప్పురా, నీ గొంతులో ఏ లోపమూ లేదు, నాకే తెలీలేదు, నేనే నీ గొంతు దగ్గరకి రావాల్సింది అని చెప్పాను, గెడ్డం దించిన పిల్లాడి సంగతి కూడా చెప్పాను. అయ్యో అంత మాటెందుకు సార్ అన్నాడు. ఏ సంగతి అని మాత్రం అడగలేదు, అడగకపోయేసరికే తెలిసిపోయింది వాడికి అంతా గుర్తుందని. డిస్‌ప్లే మార్చి, కర్చీఫ్ తీసి అద్దం మీద మూలమూలా తుడిచి ఇచ్చాడు, అదే తుడవడం. డబ్బులు ఎంత బలవంతం చేసినా తీసుకోలేదు, మీ దగ్గరేటి సార్ అన్నాడు. బయటికొచ్చాక షాపు గోడ పక్కన కాసేపు నిలబడ్డాను, మళ్లీ ఎత్తుకుంటాడేమో అని. ఆటోలు, బస్సుల హారన్లు, ఎవరో బఠాణీలు అమ్ముతున్నారు. లోపల్నించి ఏమీ వినపడలేదు.

సోషల్ మేడమ్‌కి ఇదంతా ఎలా చెప్పాలో రేపు ఆలోచిస్తాను. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మొదటి రిహార్సల్, ఈసారి మోహనంలో ఒక పాట నేనే వరస కట్టాను, రెండు శ్రుతిలో, స నుంచి పై స దాకానే. ఆరో క్లాసు రెండు సెక్షన్ల పేర్లూ అటెండెన్స్ రిజిస్టర్ చూసి ఎక్కిస్తున్నాను, 71 అయ్యాయి. స్టేజి మీద అంతమంది పట్టరని ఆఫీసులో అంటున్నారు. స్టేజి కింద గడ్డిలో నిలబెడతానని చెప్పాను.